పైన వదలని ఖాళీ

దుకాణం తెరిచిన రోజున అతని చేతిలో ఉన్నవి ఇవి: మూతపడ్డ రేడియో స్టేషన్ వేలంలో పాడుకున్న స్పూలు టేపు యంత్రం ఒకటి, క్యాసెట్ డెక్కులు రెండు, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి, మెట్ల కింద కిటికీ లేని అద్దె గది. యంత్రం ఎడమ మోటారు మూలిగేది. గదిలో నిటారుగా నిలబడితే తల మెట్లకు తగిలేది. అయినా అతను లెక్క వేసుకునే దిగాడు. ఊళ్ళో ప్రతి అటక మీదా పాత టేపులున్నాయి, వాటిని ఆడించే యంత్రం మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. సరుకు జనం దగ్గరుంది, దాన్ని తెరిచే తాళం తన దగ్గరుంది. ఇంతకన్నా మంచి వ్యాపారం ఏముంటుంది?

అంతకుముందు అతను గడియారాలు అమ్మాడు, సైకిల్ విడిభాగాలు అమ్మాడు, కొన్నాళ్ళు ప్లాస్టిక్ బకెట్లు కూడా అమ్మాడు. ఏ సరుకైనా అతనికి ఒకటే. కొన్నవాడు తిట్టడానికి తిరిగి రాకపోతే అమ్మకం బాగా జరిగినట్టు. ఇంకోటి కొనడానికి తిరిగొస్తే మరీ బాగా జరిగినట్టు. పాట వినబడితే పరవశించిపోయే రకం కాదు. పాట తెలిసిన చెవి దుకాణానికి భార్య వైపు నుంచి వచ్చింది.

ఆమె పెళ్ళికి ముందు నాటక సమాజంలో పాడేది. మైకు మొరాయించినా హాల్లో చివరి బెంచీ దాకా వినబడే గొంతు. సమాజంలో హార్మోనియం వాయించే మాస్టారు ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "ఏమే గంటా" అనే పిలిచేవాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకు మెడలో గడ్డ లేచి ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాని వెంట గొంతూ పోయింది. మాట్లాడటానికి ఏదో మిగిలింది, అదీ బొంగురుగా, పక్క గదిలోకి కూడా వెళ్ళనంత సన్నగా. పాడటం ఆగింది గానీ వినడం ఆగలేదు. ఆగకపోగా పదునెక్కింది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుందంటే, టేపు ఎక్కడ సాగిందో, యంత్రానికి ఎక్కడ మురికి పట్టిందో, ఎక్కడ శబ్దం చిరిగిందో, పక్కవాడికి ఊపిరి చప్పుడు కూడా తెలియని చోట వేలు పెట్టి చూపించేది.

దుకాణంలో ఆలుమగలకు ఉన్న తగువు ఒక్కటే. పైన ఎంత ఖాళీ వదలాలి?

కంప్యూటర్ శబ్దాన్ని అంకెలుగా రాసుకుంటుంది. సెకనుకు వేల సార్లు, అల ఎంత ఎత్తుందో కొలిచి రాస్తుంది. ఆ ఎత్తుకు ఒక పైకప్పు ఉంది. పైకప్పు దాటినదానికి అంకె లేదు గనక, దాటిన మేరకు నరికేసి చదును చేస్తుంది. ఆ పనివాళ్ళు దాన్ని క్లిప్ అవడం అంటారు. వినేవాడికి గొంతులో ఇసుక పడ్డట్టు ఉంటుంది. నరికిన ముక్క ఎక్కడా మిగలదు, తెచ్చి అతికించడానికి.

"ఆ పైకప్పును రాసుకుంటూ ఎందుకండీ తిరగడం? కాస్త కిందే ఉండనివ్వండి," అనేది ఆమె.

"కింద ఉంటే చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గితే, ఇదే పని చేసే పక్క వీధివాడు బాగా చేశాడంటారు. కస్టమరు చెవితో వింటాడనుకున్నావా? చేత్తో వింటాడు. వాల్యూమ్ తిప్పే పని పడకపోతే బ్రహ్మాండం అంటాడు."

"తిప్పుకోమనండి. వేళ్ళు అరిగిపోతాయా?"

"డబ్బా నిండా పొయ్యకపోతే కొలత తక్కువంటారే."

"నిండా పోసి మూత బిగిస్తే ఒలికేది ఎవరి సొమ్మో?"

మాట అక్కడిదాకా వస్తే అతను టీ తెప్పించేవాడు.

అసలు చిక్కు మార్చే దగ్గర వచ్చేది. టేపు నుంచి ఎక్కించేటప్పుడు సెకనుకు తొంభై ఆరు వేల కొలతలు, ఒక్కో కొలత ఇరవై నాలుగు బిట్ల సన్నటి మెట్ల మీద రాసుకునేవాళ్ళు. కస్టమరుకు ఇచ్చేది అందులో సగం కన్నా తక్కువ కొలతలతో, పదహారు బిట్లతో. పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి సర్దడమేగా అనుకునేవాడు అతను. ఆమె ఒకరోజు బిల్లు వెనక అలను గీసి చూపించింది.

"ఇదిగో, ఇక్కడొకసారి కొలిచారు, అక్కడొకసారి కొలిచారు. రెండు చుక్కలూ పైకప్పు కిందే. మధ్యలో అల ఇంకా పైకి లేచింది చూశారా? అది మీ లెక్కలో లేదు. సెకనుకు ఎన్ని కొలతలన్న రేటు మార్చేటప్పుడు కొత్త కొలతలు కొత్త చోట్ల పడతాయి. ఒకటి సరిగ్గా ఆ శిఖరం మీద పడిందనుకోండి, దానికి అంకె ఏది? నరికేస్తుంది. అందుకని ముందు కాస్త తగ్గించాలి, ఆ తర్వాత మార్చాలి. మార్చాక చూసుకుని, చోటుంటే అప్పుడు పెంచుకోవచ్చు. బిట్లు తగ్గించడం అన్నిటికన్నా చివర."

"ముందే పెంచితే ఏమవుతుంది? మీటరు ఎర్రబడదుగా."

"మీటరు కొలిచిన చోటే చూస్తుందండీ, మీలాగే."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. అప్పటి నుంచి ఎక్కించడం అతని వంతు, మార్చడం ఆమె వంతు అయింది. దుకాణం పుంజుకుంది.

ఇలా ఉండగా ఒక ఉదయం హార్మోనియం మాస్టారు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చంకలో గుండ్రటి రేకు డబ్బా.

"అల్లుడుగారూ, ఇది మీ ఆవిడ సరుకు. ఇన్నాళ్ళు దాచిపెట్టినందుకు అద్దె అడగను లెండి, భయపడకండి."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి లేచి నిలబడింది. "ఏంటి మాస్టారూ అది?" ఆయన ఆమె పెదాల కదలిక చూసి మాట పోల్చుకున్నాడు.

"నువ్వే. మనం వేసిన ఆఖరి నాటకం. రెండో అంకంలో పైకి వెళ్ళి అక్కడే నిలబడిపోయావు చూడు, అది మొత్తం ఇందులో ఉంది. ఆ రోజు నేను వేళ్ళు తీసేసి ఊరుకున్నాను."

"రీడు విరిగిందన్నారుగా అప్పుడు!"

"అందరికీ అలాగే చెప్పాను. నీకు నిజం చెబితే నెత్తికెక్కేదానివి." ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "ఇప్పుడు నాకు ఇవి పోయాయి. నా దగ్గరుండి ఏం లాభం? నువ్వు విను. విని ఎలా ఉందో నాకు గట్టిగా చెప్పు."

ఆమె డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మూత తెరవకుండా చాలాసేపు కూర్చుంది. ఆమె గొంతు ఉన్నది ప్రపంచంలో ఆ ఒక్క డబ్బాలోనే. మిగతా టేపులన్నీ సమాజం మూతపడ్డప్పుడు ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు చెత్తలో పారేశారు.

అతను టేపును వేలితో తడిమి చూడగానే సంగతి అర్థమైంది. పూత జిగటబారింది. ఈ రకం టేపును సన్నటి సెగ మీద ఆరబెడితే ఒకసారి ఆడుతుంది, రెండోసారికి పూత పొడిపొడిగా రాలిపోతుంది. ఆ మాటే చెప్పాడు.

"ఒక్కసారి చాలు," అంది ఆమె. "కానీ నేనుండను. మీరు ఎక్కించండి."

"నువ్వు లేకుండానా? దుకాణంలో చీమ పాకినా నీకు వినిపించాలిగా!"

"ఆపి, వెనక్కి తిప్పి, ముక్కలు ముక్కలుగా వినలేనండి దీన్ని. మొత్తం అయ్యాక ఇంట్లో తలుపేసుకుని వింటాను. నాకొకటి ఉన్నది ఉన్నట్టు ఉంచండి. పెంచకండి, తగ్గించకండి, దాని జోలికే వెళ్ళకండి. మిగతాది మీ ఇష్టం."

"అలాగే."

"అలాగే అంటే కాదు. ఏమన్నానో చెప్పండి."

"ఒకటి ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. సరేనా? సంతకం కావాలా?"

"వద్దులెండి," అని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

టేపు ఇంకా ఆరుతుండగానే బావమరిది వచ్చాడు, ఆమె తమ్ముడు. పాటల కంపెనీలో సరుకు పంపే విభాగంలో గుమాస్తా. నాలుగు మాటలాడితే అందులో మూడు పరాచికాలు ఉండే మనిషి, ఆ రోజు మాత్రం తలుపు దగ్గరికి వేసి మరీ మాట్లాడాడు.

"బావా, మా కంపెనీ గోడౌన్లో పాత టేపులు నేల నుంచి పైకప్పు దాకా ఉన్నాయి. మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాలంటున్నారు. మా మేనేజరు రేపు ఇటొస్తున్నాడు. ఏదైనా ఒక మంచి ముక్క వినిపించావంటే పని నీదే."

"ఎలాంటి ముక్క?"

"ఏదైనా సరే, గట్టిగా ఉండాలి. ఆయన చెవి మోటుది. మెల్లగా ఉన్నది పెట్టావా, మర్యాదగా టీ తాగి వెళ్ళిపోతాడు. పక్క వీధివాడు గోడలదిరేలా వినిపించాట్ట. మా మేనేజరు ఇంకా తల రుద్దుకుంటూనే పొగుడుతున్నాడు."

అతను దుకాణమంతా కలయజూశాడు. ఒక టీచరమ్మ తండ్రిగారి ఉపన్యాసాలు, ఒక లాయరు పెళ్ళి, పసిపిల్లల ముద్దుమాటలు, ఎవరో దగ్గుతూ చదివిన వీలునామా. వీటిలో ఏది వినిపించినా మేనేజరు ఆవులిస్తాడు. వినిపించదగ్గది ఒక్కటే ఉంది, అది సన్నటి సెగ మీద ఆరుతోంది. మిగతాది మీ ఇష్టం అని ఆమే అంది గనక మాట తప్పినట్టు కాదని లెక్క తేల్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం టేపు ఎక్కించాడు. ఆ పని మాత్రం నూటికి నూరుపాళ్ళు సరిగ్గా చేశాడు. యంత్రాన్ని రెండుసార్లు తుడిచాడు. పైన ఖాళీ బాగా వదిలాడు. ఒకే అవకాశం గనక కన్ను మీటరు ముల్లు మీద నుంచి తియ్యలేదు. హార్మోనియం ఆగిపోయి గొంతు ఒక్కటే పైకి వెళ్ళి నిలబడ్డ చోట అతను మీటరు మీదకు ఇంకా వంగాడు, ముల్లు ఎక్కడ అంచు దాటుతుందోనని. దాటలేదు. టేపు అయిపోయేసరికి యంత్రం నిండా గోధుమరంగు పొడి. స్పూలు విప్పి దీపానికి ఎదురుగా పట్టుకుంటే కొన్ని చోట్ల అవతలి గోడ కనిపించింది.

మర్నాడు మేనేజరు వచ్చేలోగా నమూనా తయారు కావాలి. మార్చే మనిషి ఇంట్లో ఉంది. పిలిస్తే వస్తుంది, వస్తే వింటుంది, వింటే పెంచవద్దంటుంది. అందుకని పిలవలేదు. మేనేజరు చెవిని తల్చుకుని ముందు పాటను పెంచాడు, ముల్లు అంచు మీద నిలబడేదాకా. మీటరు ఎర్రబడలేదు. తర్వాత రేటు మార్చాడు. తర్వాత బిట్లు తగ్గించాడు. ఆమె చెప్పిన వరస అతనికి గుర్తుంది. కానీ ముందు తగ్గించి, మార్చి, మళ్ళీ చూసి పెంచడమంటే ఒక పనికి మూడు పనులు. అంచు దాటలేదు కదా, ఇంకేం?

స్పీకర్లలో పెట్టి చూసుకుంటే గొంతు పైకి వెళ్ళిన చోట ఏదో గరుకు తగిలింది. పాత టేపు కదా అనుకున్నాడు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని విన్నాడు. బావమరిది తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు, అక్క గొంతు వినబడగానే నవ్వడం మానేశాడు. పాట అయిపోయింది.

"ఇదీ శబ్దమంటే!" అని మేనేజరు బల్ల మీద చరిచాడు. "పక్క వీధివాడిది వట్టి మోత. ఇందులో ప్రాణముంది. ఎవరీవిడ?"

"మా ఆవిడే సార్."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం? దీన్ని మేం మార్కెట్లోకి వేస్తాం. సరే, పని నీకే. మొదటి విడత టేపుల్లోంచి మావాళ్ళే తీశారు, మార్చడమే మిగిలింది, అది నా దగ్గరే ఉంది." సంచీలోంచి ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే ఎక్కించేసుకో. డిస్కు నేను తీసుకెళ్ళాలి, సాయంత్రం ఇంకోచోట పని ఉంది."

తగిలించాడు. కంప్యూటర్ చోటు చాలదంది.

అతను ఫైళ్ళ పేర్లన్నీ కిందా మీదా చూశాడు. టీచరమ్మవి ఇంకా అప్పగించలేదు. లాయరువి ఇంకా అప్పగించలేదు. వీలునామా తియ్యకూడదు, కోర్టు దాకా వెళ్ళే సరుకు. మేనేజరు వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తున్నాడు. అన్నిటికన్నా పెద్ద ఫైలు నిన్న టేపు నుంచి ఎక్కించిందే. దుకాణం పద్ధతి ప్రకారం, మార్చడం అయిపోయాక పెద్దదాన్ని తీసేయడమే.

"బావా, అది అక్కది కాదూ?" అన్నాడు బావమరిది వంగి చూస్తూ.

"మార్చింది ఉందిగా. అదే పాట, అదే గొంతు. చిన్న డబ్బాలోకి ఎక్కింది, అంతే."

"అక్కను ఒకమాట అడిగితే..."

"నువ్వూరుకోవయ్యా, ఆయన లేస్తున్నాడు."

తీసేశాడు. ఖాళీ అయిన చోట కంపెనీ సరుకు వచ్చి కూర్చుంది.

మేనేజరును సాగనంపి వచ్చాక గానీ ఇచ్చిన మాట గుర్తు రాలేదు. గుర్తొచ్చినా కంగారు పడలేదు, సర్దుబాటు అతనికి కొత్త కాదు. మార్చిన పాటనే ఇంకో నకలు తీసి దాని చప్పుడు తగ్గించాడు. చూడటానికి పైన బోలెడంత ఖాళీ కనిపించింది. ఉన్నది ఉన్నట్టు ఉంచిందానికీ దీనికీ తేడా ఏముంది, ఎవరు చూడొచ్చారు?

సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. "ఇదిగో. జోలికి వెళ్ళలేదు."

ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, అందుకుంది. పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను ముందు గదిలో కూర్చుని కంపెనీ పనికి ఇంకో యంత్రం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాడు. లోపల్నుంచి ఏమీ వినబడలేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది గనక. పాట ఎంతసేపో అతనికి తెలుసు. ఆ సేపు అయింది. ఇంకా అంతసేపు అయింది.

బయటికొచ్చినప్పుడు ఆమె కళ్ళు తడిగా లేవు. చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"దుకాణానికి. తాళాలివ్వండి."

వెంట వెళ్ళాడు. ఆమె నడక అందుకోలేకపోయాడు. దుకాణంలో కూర్చుని పాటను తెర మీద తెరిచి, గొంతు పైకి వెళ్ళిన చోటును పెద్దది చేసింది. అలల తలలన్నీ కత్తితో కోసినట్టు చదునుగా, వరసగా ఉన్నాయి.

"మీరిచ్చింది పైకప్పుకు చాలా కింద ఉంది," అంది. "కింద ఉన్నదాన్ని ఎవరూ నరకరు. అంటే ముందు పైకి తీసుకెళ్ళారు. అక్కడ నరికించారు. తర్వాత కిందకి దించి నాకిచ్చారు. తల కొట్టేసి కూర్చోబెడితే నేను గుర్తుపట్టననుకున్నారా?"

"పాత టేపు కదా, అక్కడక్కడా..."

"పాత టేపు మాసిపోతుంది. చదునుగా తెగదు. పెద్దది చూపించండి."

అతను బల్ల మీది బిల్లులు సర్దాడు.

"పెద్దది ఏదండీ?"

"కంపెనీ వాళ్ళు సరుకు తెచ్చారు. చోటు చాల్లేదు."

ఆమె ఫైళ్ళ పేర్లు చదివింది, ఒక్కొక్కటీ, పైకే, ఆ లేని గొంతుతో. టీచరమ్మవి. లాయరువి. పిల్లల ముద్దుమాటలు. వీలునామా.

"వీటిలో ఒకటి తియ్యొచ్చుగా?"

"వాళ్ళొచ్చి అడుగుతారు."

"నేను అడగననుకున్నారు."

"అలా కాదే. నువ్వు ఇంటి మనిషివి కదా అని..."

"అవును," అంది ఆమె. "ఇంటి మనిషినే."

ఆమె కుర్చీని అతని వైపు తిప్పింది. అరుస్తుందనుకున్నాడు గానీ, అరవడానికి ఆమె దగ్గర ఏముంది?

"పోనీ, మీరు విన్నారు కదా. టేపు ఆడినప్పుడు పక్కనే ఉన్నారు. ఆ పైన నిలబడ్డ చోట ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే? వణికిందా? నిలకడగా ఉందా? ఊపిరి తెలిసిందా? చివర సన్నబడుతూ వదిలానా, టక్కున వదిలానా? నాకు గుర్తు లేదండీ. పాడేవాళ్ళకి తెలీదు అది. ఎవరో ఒకరు చెప్పాలి."

అతను గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. మూలుగుతున్న ఎడమ మోటారు గుర్తొచ్చింది. గోధుమరంగు పొడి గుర్తొచ్చింది. ముల్లు గుర్తొచ్చింది. ఆ గొంతును చెక్కు చెదరకుండా వినే అవకాశం ఇక ఎవరికీ రాదు. చివరిసారి వచ్చింది అతనికి. అతనేమో ముల్లు చూస్తూ కూర్చున్నాడు.

"ముల్లు మైనస్ ఆరు దగ్గర ఆగింది," అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. లేచి, దీపం ఆర్పి, తాళం అతని చేతిలో పెట్టి ఇంటికి నడిచింది.

వారంలోనే మాస్టారు ఫోన్ చేశాడు. ఆయనకు వినబడదు గనక ఫోన్లో గట్టిగా అరిచి మాట్లాడాలి. ఆమెకు అరిచే గొంతు లేదు. అతనే ఫోన్ పట్టుకుని, ఆమె చెప్పింది మాస్టారుకు వినబడేలా అరవాల్సి వచ్చింది.

"ఎలా ఉందంటోంది గంట?" అన్నాడు మాస్టారు.

ఆమె భర్త ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది: "ఉన్నది ఉన్నట్టే ఉందని చెప్పండి."

"ఉన్నది ఉన్నట్టే ఉందట మాస్టారూ!" అని అతను వీధిలోకి వినబడేలా అరిచాడు.

"నేను చెప్పలా!" అన్నాడు మాస్టారు. "నేను చెప్పలా!"

ఆ పాటను కంపెనీ వేస్తానన్నప్పుడు ఆమె అడ్డు చెప్పలేదు. "వేసుకోమనండి. అందులో ఉన్నది నేను కాదుగా," అంది. పాట పేరు తెచ్చుకుంది. టీ కొట్లలో వినబడింది, బస్సుల్లో వినబడింది. ఒకరోజు బావమరిది పత్రిక పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు.

"అక్కా, నీ గొంతులో ఆ గరగర గురించి ఎంత రాశారో చూడు! గుండెను గీరిందట. కొత్తగా పాడే పిల్లలు గొంతు బిగబట్టి అదే నేర్చుకుంటున్నారట. పైకి వెళ్ళగానే అందరూ గీరుతున్నారు!"

"మంచిదేరా," అంది ఆమె పత్రిక వైపు చూడకుండా. "ఆ గరగర మీ బావది. ఆయన పేరు వేశారో లేదో చూడు."

బావమరిది ఇద్దరి ముఖాలూ చూసి, పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరి పరాచికాలాడలేదు.

అసలు ఇబ్బంది దుకాణంలో వచ్చింది. తాళం అతని చేతిలో పెట్టి వెళ్ళిన ఆ సాయంత్రం తర్వాత ఆమె దుకాణం గడప తొక్కలేదు. ఇంట్లో లోటేమీ చెయ్యలేదు. వేళకు వండింది, అడిగినదానికి జవాబు చెప్పింది. కానీ కంపెనీ పని మొదటి విడతలో సగం వెనక్కి వచ్చింది. మేనేజరు చెవి మోటుదే గానీ కంపెనీలో ఇంకెవరివో చెవులు మోటువి కావు. పాటలన్నీ పైన నలిగి ఉన్నాయి, ఇలాగైతే పని పక్క వీధికి ఇస్తామన్నారు. అతను ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి చూశాడు. వాళ్ళకు వినబడేది అతనికి వినబడినంతే.

చివరికి అడిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, చెయ్యాల్సిన పని లేకపోయినా గిన్నె ఒకటి తుడుస్తూ.

"దుకాణానికి రావే. నువ్వు లేకపోతే నడవదు."

"వస్తాను," అంది ఆమె, అంత త్వరగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. "ఇంటి మనిషిగా అయితే రాను. బయటి మనిషిగా వస్తాను."

"అదేం మాట?"

"బయటివాళ్ళ సరుకు మీరు ముట్టుకోరు. వాళ్ళొచ్చి అడుగుతారని మీకు భయం. నాకూ ఆ భయం కావాలి. పనికి చేరిన కాగితం రాసివ్వండి, అందరికీ ఇచ్చినట్టు జీతం ఇవ్వండి. నేను చాలు అన్న ఎత్తుకు మించి ఒక్క పాట కూడా పెంచకూడదు. నేను ఉంచమన్న పెద్దది తియ్యకూడదు. కాదంటే పక్క వీధివాడికీ మనిషి కావాలిట, మా తమ్ముడు చెప్పాడు."

అతను జీవితంలో చాలా బేరాలాడాడు. ఎదుటివాడి అవసరం ఎంతో, తన అవసరం ఎంతో ముఖం చూసి కొలవగలడు. ఈ బేరంలో రెండో వైపు అవసరమే లేదని మొదటి చూపులోనే తెలిసింది. అడిగినవన్నీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు దుకాణం మెట్ల కింద లేదు. పక్కనున్న రెండు గదులూ కలిపి తీసుకున్నాడు, వాటికి కిటికీలున్నాయి. ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. వేళకు వస్తుంది, వేళకు లేస్తుంది. ఏ ఫైలుకైనా పైన తగినంత ఖాళీ లేకపోతే వెనక్కి పంపుతుంది. కస్టమర్ల ముందు అతన్ని "సార్" అంటుంది. మొదట్లో ఎవరూ లేనప్పుడు ఏమండీ అనేది. తర్వాత రెండు పిలుపులెందుకనుకుందో ఏమో, దుకాణంలో ఉన్నంతసేపూ సార్ అనే పిలుస్తోంది. "సార్, ఇది ముందే పెంచి తెచ్చారు. కుదరదు," అంటుంది. అతను తీసుకెళ్ళి తగ్గించి తెస్తాడు. కంపెనీ వాళ్ళు ఆమె చూసి పంపిందని తెలిస్తే తెరిచి చూడను కూడా చూడరు.

లెక్క చూసుకుంటే ఆ ఒక్క పాట మీద అతనికి దక్కినవి తక్కువేం కాదు. కంపెనీ గోడౌన్ పని మొత్తం దక్కింది. కిటికీలున్న గదులు దక్కాయి. పక్క వీధివాడి కస్టమర్లు చాలామంది ఇటు తిరిగారు. ఇవి కాక, పనిలో తప్పు చెయ్యని, సెలవు అడగని, అవసరానికి పైన ఒక్క మాట మాట్లాడని మంచి ఉద్యోగి ఒకామె దక్కింది.